కాన్వెంటు గేటు కాడ మన వాటా

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల గేరీల నుంచి వచ్చిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



ధర్మవరం నుంచి మగ్గాల కాడ కండెలు చుట్టే తల్లులు వచ్చినారు. హిందూపురం నుంచి మార్కెట్లో మూటలు మోసే అన్నలు వచ్చినారు. పెనుకొండ చుట్టుపక్కల ఊర్ల నుంచి శెనక్కాయ కూలికీ, బెంగుళూరు బేల్దారి పనికీ పొయ్యేవాళ్లు వచ్చినారు. ఒక రోజు కూలి వదులుకొని వచ్చినవాళ్ల ముందర ఉపోద్ఘాతాలు చదవడం న్యాయం కాదు. నేరుగా విషయానికే వస్తాం.

విషయం కాన్వెంటు ఫీజు. ఫాదర్లు, సిస్టర్లు నడిపే ఇంగ్లీషు మీడియం హైస్కూళ్లలో మన బిడ్డలకు ఇచ్చే రాయితీ. అది ఎవరికి ఇస్తారు? ఎంత ఇస్తారు? ఎన్నేండ్లు ఇస్తారు? ఎక్కడ రాసి పెట్టినారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలిసిన తల్లి గానీ తండ్రి గానీ ఇక్కడ ఉంటే చెయ్యెత్తండి.

ఎవరూ ఎత్తలేదు. ఎత్తలేరు. ఎందుకంటే అది ఎక్కడా రాసి పెట్టింది కాదు. జరిగేదేమిటో మనకందరికీ తెలుసు. జూన్ నెలలో తల్లి ఆఫీసు గది బయట నిలబడుతుంది. లోపలున్న ఫాదర్ మంచివాడైతే వెయ్యో రెండు వేలో తగ్గిస్తాడు. రెండేండ్లకు ఆయన బదిలీ అయిపోతాడు. కొత్తగా వచ్చినాయనకు మన బీదతనమంతా మళ్లీ మొదటి నుంచి వినిపించుకోవాల. ఆరో తరగతిలో దొరికిన రాయితీ ఎనిమిదిలో ఉంటుందో ఉండదో తెలీదు. ఎనిమిది, తొమ్మిదికి వచ్చేసరికి ఫీజు పెరుగుతుంది, బస్సు చార్జీ పెరుగుతుంది, ఆడపిల్లయితే ఇంట్లో పెండ్లి మాటలు మొదలవుతాయి. చదువు అక్కడ తెగుతుంది. మగ్గం మీద తెగిన పోగును ముడేసుకోవచ్చు. తొమ్మిదిలో తెగిన చదువును ముడేసేవాళ్లు తక్కువ.

“మీరు సర్కారు బడి పంతుళ్లు గదా, కాన్వెంట్ల గురించి మీకెందుకు?” అని కొందరు మిత్రులు అడిగినారు. మేం మా ఇండ్లలో మొట్టమొదట డిగ్రీ చదివినవాళ్లం. సర్కారు బడిలో, సర్కారు హాస్టల్లో చదివి వచ్చినవాళ్లం. సర్కారు బడిని కాపాడుకోవాలనే మాటలో మార్పేమీ లేదు. కానీ ఊర్లో రెడ్డి బిడ్డ, సేటు బిడ్డ ఏ బడికి పోతున్నారో ఆ బడికి మన బిడ్డ పోతానంటే, డబ్బు లేదు కాబట్టి వద్దని చెప్పే హక్కు మాకు లేదు. పైగా ఆ బడులు వట్టి ప్రైవేటు వ్యాపారాలు కావు. అవి మైనారిటీ సంస్థలు. అసలు మాట ఇక్కడే ఉంది.

రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ బడులు తాము పెట్టుకొని నడుపుకునే హక్కు ఇచ్చింది. మంచిదే. ఆ హక్కును మేం సమర్థిస్తాం. అయితే ఈ దేశంలో క్రైస్తవ మైనారిటీ అంటే ఎవరు? భారత కథోలిక మేత్రాణుల సమాఖ్య 2016లో దళితుల సాధికారత మీద విధాన పత్రం విడుదల చేసింది. దేశంలోని 1 కోటీ 90 లక్షల మంది కథోలికుల్లో 1 కోటీ 20 లక్షల మంది దళితులేనని ఆ సందర్భంలో వాళ్లే చెప్పినారు. మన ఆంధ్రలో అయితే చెప్పనక్కరలేదు. గుడి నిండా మాల మాదిగలే. అంటే మైనారిటీ హక్కు మన తలల లెక్క మీద వచ్చింది. ఆ హక్కుతో కట్టిన బడిలో మన బిడ్డకు సీటు మాత్రం దయ మీద వస్తోంది. ఈ లెక్క సరిపోతుందా అన్నది మా ప్రశ్న.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాల. 2005లో 93వ రాజ్యాంగ సవరణ చేసి, ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, బీసీలకు సీట్లు కేటాయించవచ్చన్నారు. మైనారిటీ సంస్థలను మినహాయించినారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి నుంచి 25 శాతం సీట్లు బీద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వమంది. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో ఆ చట్టం మైనారిటీ బడులకు వర్తించదని తీర్పిచ్చింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు జడ్జీల బెంచి ఆ తీర్పు సరైనదేనా అని సందేహపడి, పెద్ద బెంచికి పంపమని కోరింది. అది తేలేదాకా కాన్వెంటు గేటు కాడ మన చేతిలో ఈ చట్టం లేదు. ఉన్నది వాళ్లిచ్చిన మాట, మన సంఘబలం, అంతే.

2021లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. మైనారిటీ బడుల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనకబడిన పిల్లలు 8.76 శాతమేననీ, క్రైస్తవ బడుల్లో చదివేవాళ్లలో 74 శాతం క్రైస్తవేతరులనీ అందులో ఉంది. ఆ లెక్క చూపించి మైనారిటీల హక్కునే ఊడబెరకాలని చూసేవాళ్లు ఉన్నారు. వాళ్లతో మేం చేయి కలపం. మతోన్మాదులకు మన బిడ్డల చదువు మీద ప్రేమ పుట్టిందంటే నమ్మేంత అమాయకులం కాము. కానీ శత్రువు ఎత్తి చూపించినాడని మన ఇంటి లెక్క మనం చూసుకోకుండా ఉండలేం.

మిషనుకు రెండు రకాల బడులు ఉన్న సంగతి మన పెద్దలకు తెలుసు. ఒకటి ఆర్సీఎం ఎయిడెడ్ బడి. తెలుగు మీడియం, సర్కారు జీతాలు, పిల్లలకు ఫీజు లేదు. మన తాత తండ్రులకు మొదటి అక్షరం చాలాచోట్ల అక్కడే దొరికింది. రెండోది ఇంగ్లీషు మీడియం కాన్వెంటు. ఫీజు మీద నడిచేది. ప్రభుత్వాలు ఏండ్ల తరబడి ఎయిడెడ్ పోస్టులు నింపకుండా మొదటి దాన్ని ఎండగట్టినాయి. 2021లో ఎయిడెడ్ టీచర్లను సర్కారులోకి తీసుకుంటామని జీవోలు తెస్తే, అనంతపురంలో ఎస్ఎస్‌బీఎన్ కాలేజీ పిల్లోళ్లు రోడ్డెక్కి లాఠీ దెబ్బలు తిన్నారు. ఫీజు లేని బడి చిక్కిపోయింది, ఫీజు బడి మేడలు లేపింది. బీదల కోసం మొదలైన పనిలో బీదవాళ్ల చోటు ఈ విధంగా చిన్నదైంది.

రాయితీ ఒక బిడ్డను ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి. పూల ఆంటోని గారు మన పక్కనున్న కర్నూలు సీమ దళిత బిడ్డ. ఏడో తరగతి తరువాత పేదరికం వల్ల చదువు ఆగిపోయిందనీ, మిషనరీలు ఆదుకుంటే మళ్లీ సాగిందనీ ఆయనే చెప్పుకున్నారు. 2008 నుంచి 2020 దాకా కర్నూలు మేత్రాణులుగా ఉన్నారు. మన అనంతపురం సీమ గుళ్లన్నీ ఆ మేత్రాసనం కిందివే. 2022 ఆగస్టులో కార్డినల్ అయినారు. ప్రపంచంలోనే మొట్టమొదటి దళిత కార్డినల్. గర్వంగా చెప్పుకుంటాం. అయితే ఆ ఏడో తరగతి కాడ ఎవరూ చెయ్యి అందించకపోయింటే ఏమయ్యేది? మన గేరీల్లో ఏడు, ఎనిమిదిలో ఆగిపోయిన పిల్లోళ్లలో ఎంతమంది డాక్టర్లు, లాయర్లు, కార్డినళ్లు గొర్రెల వెనక పోతున్నారో ఎవరు లెక్క పెట్టినారు? ఒకరికి అందిన చెయ్యి అందరికీ అందే ఏర్పాటు కావాల.

మాటల కొరత లేదు. 2007లో అఖిల భారత కథోలిక విద్యా విధానం వచ్చింది. పేదలకు, దళితులకు, ఆదివాసులకు ముందు చోటివ్వాలన్నది దాని సారం. 2003లో రెండో జాన్ పాల్ పోపు తమిళనాడు మేత్రాణులతో మాట్లాడుతూ కులవివక్షను తప్పుబట్టినారు. రోములో చెప్పిన మాట, ఢిల్లీలో అచ్చేసిన మాట మన ఊరి బడి నోటీసు బోర్డు దాకా రావాల.

మన జిల్లాలో ఇంకో అనుభవం ఉంది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్ సభ నుంచి బయటికొచ్చి ఆర్డీటీని నిలబెట్టినాడు. స్పెయిన్ దేశంలో మామూలు కుటుంబాలు నెల నెలా పంపిన డబ్బుతో మన కాలనీల్లో సాయంత్రం బడులు నడిచినాయి, మన పిల్లోళ్లు పెద్ద చదువులు చదివినారు. ఆ మేలు మరువరానిది. కానీ 2025లో విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ ఢిల్లీలో చిక్కుపడేసరికి ఏమైంది? జిల్లా అంతా కలవరపడి వీధికెక్కింది. ఎక్కడో ఒక ఆఫీసులో ఒక కాగితం ఆగితే మన బిడ్డ చదువు ఆగే పరిస్థితి ఉండకూడదు. దాత మనసు, సర్కారు సంతకం రెండూ మన చేతిలో లేనివే.

బాబాసాహెబ్ జీవితం చూడండి. 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇస్తే ఆయన అమెరికా పోయి చదివినాడు. అది ఒక రాజు ఒక మనిషికి ఇచ్చింది. 1942లో వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడైనాక ఆయన ఇంకొక అంబేద్కర్‌కు ఇంకొక రాజు దొరకాలని ప్రార్థించలేదు. వినతిపత్రం రాసి, వాదించి, షెడ్యూల్డ్ కులాల పిల్లలకు ఏటా 3 లక్షల రూపాయలు మంజూరు చేయించినాడు. 1944లో మొదలైన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ అదే. మన ఇండ్లలో డిగ్రీ పాసైన ప్రతి ఒక్కరి వెనకా అది ఉంది. దయగా దొరికినదాన్ని నియమంగా మార్చడం, ఆయన మనకు నేర్పిన పని అదే.

ఇంకో చిక్కు చెప్పాల. కొన్నిచోట్ల జ్ఞానస్నానం సర్టిఫికెట్ తెస్తే రాయితీ ఇస్తామంటారు. తల్లి సంబరంగా తెచ్చిస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు, క్రైస్తవులను చేర్చలేదు. ఇక్కడ వాళ్లు బీసీ-సీ, 1 శాతం. 1977 నాటి జీవో 341 కొన్ని ఆర్థిక సాయాలు ఇచ్చింది గానీ రిజర్వేషన్ ఇవ్వలేదు. అంటే ఆరో తరగతిలో రెండు వేల రాయితీ ఇప్పించిన కాగితమే రేపు ఉద్యోగం కాడ అడ్డం పడొచ్చు. గేరి మారలేదు, గ్లాసు మారలేదు, కాగితం మాత్రం మారింది! ఈ అన్యాయపు షరతు పోవాలని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. అది పోయేదాకా మేం అడిగేది ఒకటే: రాయితీకి బీదతనమే కొలత కావాల, మతం కాగితం అడగకూడదు.

ఇప్పుడు చేతికి అందేవి వినండి. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనంలో ప్రైవేటు బడి పిల్లలకు కూడా బిడ్డకు 13,000 తల్లి ఖాతాలో వేసినారు. హాజరు 75 శాతం ఉండాల. తొమ్మిది, పది చదివే ఎస్సీ పిల్లలకు కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, ఇంటి ఆదాయం రెండున్నర లక్షల లోపుంటే. తోళ్లు ఒలిచే, తోళ్లు పదును చేసే, చెత్త ఏరే పనుల్లో ఉన్నవాళ్ల పిల్లలకు ఒకటి నుంచి పది దాకా వేరే భాగం ఉంది. దానికి కులం, ఆదాయం పరిమితి లేదు. మన మాదిగ గేరీల్లో ఎంతమంది దరఖాస్తు పెట్టినారు? ఇంకొకటి, టీసీ లేదని ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడి పిల్లోణ్ణి వెనక్కి పంపకూడదు. విద్యాహక్కు చట్టంలోనే ఉంది. బాకీకి భయపడి బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టొద్దండి.

ఈ సర్కారు డబ్బు పోను మిగిలే లోటే కాన్వెంటు పూడ్చవలసింది. దానికి మన కోర్కెలు ఇవి.

ఒకటి, ప్రతి కాన్వెంటు హైస్కూలు ఏటా ఎన్ని సీట్లకు, ఎంత రాయితీ ఇస్తుందో ఏప్రిల్లోనే తెలుగులో రాసి నోటీసు బోర్డు మీద పెట్టాల.
రెండు, ఆరులో ఇచ్చిన రాయితీ పది పాసయ్యేదాకా సాగాల. ఫాదర్ మారితే మారకూడదు.
మూడు, ఫీజొక్కటే కాదు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు కూడా లెక్కలోకి రావాల.
నాలుగు, ఎంపిక కమిటీలో గేరి తల్లిదండ్రులు ఇద్దరుండాల, అందులో ఒకరు తల్లి కావాల.
ఐదు, రాయితీ పిల్లల పేర్లు క్లాసులో పిలవకూడదు. వాళ్లను వేరే వరసలో నిలబెట్టకూడదు.
ఆరు, సగం ఆడపిల్లలకు.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. ఖర్చు వాళ్లకు కొత్తదీ కాదు. ఇప్పుడు గది లోపల ఇచ్చేదాన్నే గది బయట రాసి పెట్టమంటున్నాం. రాసి పెడితే మన తల్లి అడుక్కోనక్కరలేదు, దరఖాస్తు పెట్టుకుంటుంది. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో ఆఫీసు బయట నిలబడినవాళ్లకు తెలుసు.

మన పని కూడా ఉంది. ఈ నెలలోనే గేరి గేరికీ ఒక నోటుపుస్తకం పెట్టండి. ఆరు నుంచి పది దాకా కాన్వెంట్లలో చదివే బిడ్డ పేరు, తరగతి, ఫీజు, రాయితీ, బాకీ రాయండి. చదువు మానినవాళ్ల పేర్లు వేరే పేజీలో రాయండి. రాసేదానికి పది చదివిన మన పిల్లలున్నారు. మూడు ఊర్ల పుస్తకాలూ కలిపి మేత్రాణుల వద్దకు, బడి యాజమాన్యాల వద్దకు, ఎంఈవోల వద్దకు అందరం కలిసి పోదాం. ఒక్కొక్కరు పోతే అది బీదతనం, వందమంది పోతే అది ప్రశ్న. మాల, మాదిగ అని రెండు పుస్తకాలు పెట్టొద్దు. జ్ఞానస్నానం ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని కూడా వద్దు.

గుళ్లో మనం వేసే చందా రూపాయికి లెక్క చెప్తారు. మన బిడ్డ సీటుకు కూడా లెక్క చెప్పమని అడుగుదాం. జూన్ రాకముందే అడుగుదాం.

జై భీమ్.