వదిలేసిన ఖాతా మూసిన ఖాతా కాదు
(సమాఖ్య వార్షిక సభలో ఒక గ్రూపు లీడర్ ప్రసంగం)



ప్రతి ఏడు ఇక్కడ నిలబడి పొదుపు ఎంత, లింకేజీ లోను ఎంత, ఎన్ని కిస్తీలు కట్టినం అని చెప్తం. ఆ లెక్కలు నివేదికలో రాసినం. ఈసారి మేము ఒక్క బ్యాంకు ఖాతా మూయించడానికి పడ్డ తిప్పలు చెప్పాలనుకున్నం. వినడానికి చిన్న ముచ్చటే. కానీ మీ ఇంట్లో పెట్టె తెరిస్తే అందులో కూడా ఇదే ముచ్చట ఉండొచ్చు.

దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు. మా గ్రూపులో ఒక అక్క అట్లాంటి ఒక హాస్టల్లో వంట చేసేది. జీతం బ్యాంకులో వేస్తమని వాళ్లే ఖాతా తెరిపించిన్రు. జీరో బ్యాలెన్స్ అన్నరు. సంతకం పెట్టమన్న కాడల్లా అక్క పెట్టింది. కొన్నాళ్లకు ఎల్బీ నగర్ దిక్కు ఇల్లు మారింది, ఆ పని మానేసింది, ఫోన్ నంబరు కూడా మారింది. పాస్‌బుక్కు పెట్టెలో పడింది. అప్పటికి ఖాతాలో 1,770 రూపాయలు ఉన్నయి. ఉంటే ఉండనీ, ఎప్పుడన్నా అక్కరకొస్తయి అనుకున్నది.

తర్వాత ఒక మీటింగులో అక్క బాధపడ్డది. అందరికీ గ్యాస్ సబ్సిడీ పడుతున్నది, నాకే పడ్తలేదు అని. 2024 ఫిబ్రవరిలో ఐదు వందలకు గ్యాస్ పథకం వచ్చింది కదా, అందులో ముందు మనం పూర్తి ధర కట్టాలి, మిగతాది మన ఖాతాలో పడ్తది. గ్యాస్ ఏజెన్సీలో అడిగితే, "మీకు పడుతున్నది అమ్మా, మీ ఆధార్ ఏ బ్యాంకుకు లింకు ఉందో చూసుకోండి" అన్నరు. చూస్తే ఆ పాత ఖాతాకే ఉంది.

పాస్‌బుక్కు ప్రింటు కొట్టిస్తే మాకు నోట మాట రాలేదు. నెలకు 150 రూపాయలు, దాని మీద జీఎస్టీ 27, మొత్తం 177. ప్రతి నెలా కట్. జీతం పడ్డన్ని రోజులే అది జీరో బ్యాలెన్స్ ఖాతా అట. జీతం ఆగినంక మామూలు ఖాతా అయింది, కనీస నిల్వ లేదని జరిమానా. పది నెలల్లో 1,770 మొత్తం తుడిచిపెట్టుకపోయింది. తర్వాత రెండు సిలిండర్ల సబ్సిడీ పడితే అందులోంచి 708 పట్టుకున్నరు. అది చాలక ఇంకా 531 మైనస్. చెప్పకుండా ఎట్లా కట్ చేసిన్రు అంటే, మెసేజీలు పంపినం అన్నరు. ఆ మెసేజీలన్నీ పాత నంబరుకు పోయినయి.

ఇగ మూసేద్దామని బయలుదేరినం. బ్యాంకు పేరు ఈడ అవసరం లేదు. మొదటి రోజు ఎల్బీ నగర్ బ్రాంచికి పోతే, ఖాతా తెరిచిన కాడికే పోవాలె అన్నరు. రెండో రోజు దిల్‌సుఖ్‌నగర్. తలుపు దాకా లైను. మా వంతు వచ్చేసరికి సర్వర్ డౌన్. మూడో రోజు, ఖాతాలు మూసే సారు లీవు. నాలుగో రోజు ఫారం ఇచ్చిన్రు, ఇంగ్లీషు, హిందీలో. నింపి ఇస్తే సంతకం కలుస్తలేదన్నరు. ముందు 531 కట్టుమన్నరు. "ఇంత చిన్న ఖాతాకు ఎందుకమ్మా ఇన్ని సార్లు తిరుగుతరు, వదిలేయండి" అన్నడు కౌంటర్లో ఉన్న ఆయన. వదిలేస్తేనే కదా ఇదంతా అయింది! ఆ రోజు అక్క బయట మెట్ల మీద కూసోని ఏడ్చింది. బస్సుకు టికెట్ లేదు, సరే. పోయిన కూలి ఎవరిస్తరు?

అప్పుడు మేము గ్రూపులో కూర్చొని మాట్లాడుకున్నం. ఆర్పీ అక్కను అడిగినం, చదువుకునే మా పిల్లలను అడిగినం. రిజర్వ్ బ్యాంకు నియమాలు మూడు తెలిసినయి. కనీస నిల్వ జరిమానాల వల్ల సేవింగ్స్ ఖాతాను మైనస్‌లోకి నెట్టకూడదు. ఇది 2015 ఏప్రిల్ 1 నుంచి ఉన్నది. జరిమానా వేసే ముందు ఖాతాదారుకు తెలియజేసి నెల గడువు ఇవ్వాలి. ఖాతాదారులు వాడే ఫారాలు ఇంగ్లీషు, హిందీతో పాటు స్థానిక భాషలో కూడా ఉండాలి. అంటే మేము అడిగేది దానం కాదు.

ఐదో రోజు అక్క ఒక్కతే పోలేదు, ముగ్గురం పోయినం. తెలుగులో దరఖాస్తు రెండు కాపీలు రాసుకొని పోయినం. ఖాతా మూయాలి, మైనస్ తీసేయాలి, సబ్సిడీలో పట్టుకున్న 708 వెనక్కి ఇయ్యాలి అని రాసినం. రెండో కాపీ మీద తేదీ, ముద్ర, సంతకం అడిగినం. ముందు ఇయ్యమన్నరు. ఇచ్చేదాకా ఇక్కడనే కూసుంటం అని కూసున్నం. లొల్లి చేయలేదు. ఆఖరికి చిన్న వయసు క్లర్కమ్మ ఒకామె లేచి వచ్చి ముద్ర వేసి ఇచ్చింది. ఆమెకు ఈ సభ నుంచి దండం పెడుతున్నం.

30 రోజులు చూసినం, జవాబు లేదు. 2021 నవంబర్ 12న రిజర్వ్ బ్యాంకు అన్ని రకాల ఫిర్యాదులకు ఒకే అంబుడ్స్‌మన్ పథకం పెట్టింది. దాని ఫోన్ నంబరు 14448. చేస్తే తెలుగులోనే చెప్పిన్రు. వాళ్ల పోర్టల్లో మా సభ్యురాలి బిడ్డ ఫిర్యాదు పెట్టింది, ముద్ర ఉన్న కాగితం ఫొటో జత చేసింది. దీనికి పైసా ఖర్చు లేదు. పన్నెండు రోజులకు బ్యాంకు వాళ్లే ఫోన్ చేసి రమ్మన్నరు. మైనస్ తీసేసిన్రు, 708 ఇచ్చిన్రు, ఖాతా మూసినట్టు కాగితం ఇచ్చిన్రు. మొదటి 1,770 మాత్రం రాలేదు.

లెక్క చూస్తే ఇది నష్టమే. ఐదు రోజులు, రోజుకు 500 చొప్పున 2,500 కూలి పోయింది, చేతికి 708 వచ్చింది. కానీ ఆ వారం మీటింగులో అందరం పెట్టెలు వెతికి పాస్‌బుక్కులు తెచ్చినం. పది మందికి పదిహేడు! కొన్నింటి మీద బ్యాంకు పేరే మారిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినయి. పేరు పోయినా మన ఖాతా పోదు. ఇప్పటికి అక్కరలేని ఐదు ఖాతాలు మూయించినం. ఏ ఒక్కటికీ రెండు సార్ల కన్నా ఎక్కువ తిరగలేదు.

మీకు మేము చెప్పేది ఇంతే. మూసే ముందు ఆధార్ లింకు, సబ్సిడీ కొత్త ఖాతాకు మార్పించుకోండి. ఏటా కట్ అయ్యే 436 రూపాయల జీవన జ్యోతి, 20 రూపాయల సురక్ష బీమా ఏ ఖాతాలో ఉన్నయో చూసుకోండి. ఖాతా మూస్తే ఆ బీమా ఆగిపోతది. ఫోన్ నంబరు మారితే బ్యాంకులో చెప్పండి. మాట మీద నమ్మి రాకండి, ముద్ర వేయించుకోండి. రెండేళ్లు ముట్టని ఖాతా ఉంటే భయపడకండి. దాన్ని మళ్లీ నడిపించడానికి చార్జీ తీసుకోవద్దని, దానికి కనీస నిల్వ జరిమానా వేయొద్దని 2024 ఏప్రిల్ 1 నుంచి నియమం ఉన్నది.

బ్యాంకులో కూసున్నోళ్లందరూ చెడ్డోళ్లని మేము అనడం లేదు. రెండు కౌంటర్లు, వంద మంది జనం, వాళ్ల కష్టం వాళ్లది. కానీ లోను కిస్తీ ఒక్క రోజు ఆలస్యమైతే మన గ్రూపుకు ఫోన్ వస్తది. మన పని ఐదు రోజులు ఆలస్యమైతే కూడా ఎవరో ఒకరు జవాబు చెప్పాలె గదా.

సమాఖ్యకు మాది ఒక్కటే విన్నపం. ప్రతి గ్రూపులో మూడు నెలలకు ఒక మీటింగు పాస్‌బుక్కుల మీటింగు చేద్దాం. బ్యాంకుకు పోయేటప్పుడు ఏ అక్కను ఒంటరిగా పంపవద్దు. పొదుపు అంటే నెలనెలా వేసేది మాత్రమే కాదు, తెలియకుండా పోయేదాన్ని ఆపుకునేది కూడా.

రేపు ఇంటికి పోయినంక పెట్టె తెరవండి.