పట్టు గట్టిగా ఉంటేనే పని: ఇంట్లో మిల్లింగ్ క్లాంపుల తయారీ
(రేడియో ప్రసంగ పాఠం)

హెర్న్‌డన్ నుంచి మాట్లాడుతున్నాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే కన్సల్టెంటుని. శని ఆదివారాలు మాత్రం మా గరాజులోని చిన్న మిల్లింగ్ మిషన్ దగ్గరే గడుపుతాను. దానికి కావలసిన క్లాంపులు ఇంట్లోనే ఎలా చేసుకోవచ్చో ఈ రోజు చెప్తాను.

మన ఊళ్ళో వడ్రంగి కర్రని కాలితో అదిమిపట్టి బాడిసతో చెక్కడం మీలో చాలామంది చూసే ఉంటారు. మిల్లింగ్ మిషన్ దగ్గర ఆ పట్టు చాలదు. కట్టర్ నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంది. ముక్క కదిలితే కట్టర్ విరగొచ్చు, ముక్కే ఎగిరి మనిషికి తగలొచ్చు. పిల్లలు వచ్చిపోయే గరాజులో ఇది చిన్న విషయం కాదు.

హైదరాబాదు బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పేరు వినే ఉంటారు. టూల్ డిజైన్ చదువులో జిగ్గులు, ఫిక్స్‌చర్లు పెద్ద భాగం. ముక్కని కదలకుండా పట్టి ఉంచడమూ ఒక విద్యే మరి!

"సెట్టు కొనుక్కోవచ్చుగా?" అని మా ఆవిడ అడిగింది. కొనుక్కోవచ్చు. కానీ చిన్న మిషన్‌లో చోటు తక్కువ. లావు క్లాంపులు కట్టర్‌కి అడ్డొస్తాయి. మనం చేసుకుంటే మన కొలతకి ఉంటాయి.

అర అంగుళం మందం, నాలుగంగుళాల పొడవున్న మైల్డ్ స్టీల్ పట్టీ తీసుకోండి. మధ్యలో వరసగా రంధ్రాలు వేసి, వాటి మధ్య మిగిలిన ఇనుముని ఆకురాయితో తీసేస్తే బోల్టు జరిగే పొడుగాటి గాడి వస్తుంది. మా ఇంట్లో డ్రిల్లు పని నాది, ఆకురాయి పని మా అబ్బాయిది.

బిగించేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, బోల్టు ముక్కకి దగ్గరగా ఉండాలి. ముక్కకి అంగుళం, వెనక దిమ్మకి రెండంగుళాల దూరంలో ఉంటే బిగింపులో మూడింట రెండు వంతులు ముక్క మీద పడుతుంది. తారుమారైతే మూడో వంతే. గాడి పెట్టుకున్నది అందుకే. రెండోది, వెనక దిమ్మ ముక్క కన్నా రవ్వంత ఎత్తుండాలి. తక్కువైతే క్లాంపు ముక్క అంచునే తొక్కుతుంది, పట్టు జారుతుంది. మూడోది, బల్ల గాడిలో కూర్చునే టీ నట్టుకి మర అడుగుదాకా కొయ్యకూడదు. బోల్టు కిందికి దిగి బల్లని తన్నితే నట్టు పైకి లేచి, పోత ఇనుప గాడి అంచుని విరగ్గొడుతుంది. క్లాంపు మళ్ళీ చేసుకోవచ్చు, బల్ల చేసుకోలేం.

ఒక ముక్కకి కనీసం రెండు క్లాంపులు వెయ్యండి. కరెంటు ప్లగ్గు తీసి, కట్టర్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా క్లాంపుకి తగలడం లేదని చూసుకోండి. కళ్ళద్దాలు తప్పనిసరి. తిరిగే కట్టర్ దగ్గర చేతి తొడుగులు మాత్రం వద్దు, అవి చిక్కుకుంటే చేతిని కూడా లాక్కుపోతాయి.

ఈ కాస్త జాగ్రత్తతో మొదలుపెడితే పిల్లల్ని కూడా ధైర్యంగా పక్కన నిలబెట్టుకుని పని చూపించవచ్చు. ఆ ఆకురాయి ఒకసారి వాళ్ళ చేతికిచ్చి చూడండి. సెలవు.