పిల్లవాడి జబ్బును మేమెలా చూస్తాం, మీరేం చూడాలి

(పిల్లల వార్డు వరండాలో రోగుల బంధువులకు ఒక సిస్టరు చేసిన ప్రసంగం)

అమ్మమ్మలు, నాయనమ్మలు కాస్త ముందుకు వచ్చి కూర్చోండి. పిల్లల జబ్బు దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో చెల్లేది మీ మాటే కాబట్టి ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా మీకే.

మా వార్డులో రోజూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. “ఏంటి సిస్టరుగారూ, బిడ్డ అంత ఆయాసపడుతుంటే మీరు చొక్కా పైకెత్తి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు? ముందు సూది వేయండి” అంటారు. డ్యూటీ ఎప్పుడు దిగుదామా అని చూసుకోవడం కాదమ్మా అది. బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెడుతున్నాం. ఏ సూది వేయాలో, అసలు సూది అవసరమో కాదో ఆ లెక్కే చెబుతుంది. దగ్గూ జలుబూ వచ్చిన పిల్లలు పదిమంది వస్తే అందులో ఎక్కువమందికి మామూలు జలుబే. ఊపిరితిత్తులకు నెమ్ము చేసినవాడు ఒకడో ఇద్దరో ఉంటారు. వాళ్ళను విడదీసేది ఈ ఒక్క నిమిషమే.

లెక్క మీరూ నేర్చుకోండి, కష్టమేం కాదు. బిడ్డ ఏడవకూడదు, అప్పుడే పాలు తాగి ఉండకూడదు. నిద్రపోతున్నా మంచిదే. చొక్కా పైకి తీసి పొట్ట, రొమ్ము కనపడేలా ఉంచండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒక ఊపిరి. సెల్‌ఫోనులో గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పసిగుడ్డుకు 60 గానీ అంతకు మించి గానీ వస్తే ప్రమాదం. ఈ వయసులో ఊపిరి ఒక తీరుగా ఉండదు, కాసేపు ఆగినట్టుండి మళ్ళీ గబగబా తీస్తారు, అందుకని ఎక్కువ వస్తే ఇంకోసారి లెక్కపెట్టి చూడాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళకు 40. అంతకు చేరిందంటే అది ఉత్త జలుబు కాదు.

పూర్తిగా ఒక నిమిషం అని ఎందుకు నొక్కి చెబుతున్నానో కూడా చెప్పాలి. నేను డిప్లొమా పూర్తిచేసి ఏడాది కూడా కాని రోజులు. అప్పుడు నేను వేరే చోట పనిచేస్తున్నాను. సోమవారం, ఓ.పి. నిండా జనం. ఒక నాయనమ్మ పది నెలల మనవణ్ణి చీరకొంగులో చుట్టి తెచ్చింది. నేను గబగబా పావు నిమిషం లెక్కపెట్టాను, పదకొండు వచ్చాయి. నాలుగుతో హెచ్చవేసి 44 అని చీటీ మీద రాసి, యాభై లోపే ఉంది కదా అని వరసలో కూర్చోమన్నాను. కొంగు విప్పి రొమ్ము కూడా చూడలేదు. ఆమె రెండుసార్లు లేచి వచ్చి, “అమ్మా, పొద్దుట్నించీ వీడు రొమ్ము పట్టలేదు, ఏడవను కూడా ఏడవడం లేదు” అంది. ఏడవకపోవడం మంచిదే కదా అన్నాను నేను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

గంట తర్వాత అటుగా వెళ్తున్న పెద్ద సిస్టరుగారు ఆ కొంగు తీసి చూశారు. డొక్కలు ఎగరేస్తున్నాడు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతోంది. నిమిషమంతా లెక్కపెడితే 58. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. దేవుని దయవల్ల బతికాడు, నా వల్ల మాత్రం కాదు. డిశ్చార్జి రోజున నేను వెళ్ళి ఆ నాయనమ్మకు క్షమాపణ చెప్పాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. “నీకు వాడు కొత్త తల్లీ, నాకు కాదుగదా” అంది.

అందుకే ఈ వార్డులో మేము బిడ్డను చూసేముందు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతాం. విసుక్కోకండి. ఆఖరుగా పాలు ఎప్పుడు తాగాడు, మామూలుగా తాగినట్టు తాగాడా సగంలో వదిలేశాడా, ఒంటేలు ఎన్నిసార్లు పోశాడు, నిన్న ఆడుకున్నాడా? మేము మీ బిడ్డను చూసేది పూటకు ఐదు నిమిషాలు. మీరు చూసేది రాత్రంతా. “ఎందుకో వీడు ఎప్పటిలా లేడు” అని మీకు అనిపిస్తే, కారణం చెప్పలేకపోయినా సరే, వచ్చి చెప్పండి. అర్ధరాత్రయినా లేపండి. ఏ సిస్టరైనా కసురుకుంటే నా దగ్గరికి రండి.

ఇక ఇంటి దగ్గర ఏవి కనపడితే తెల్లారేదాకా ఆగకూడదో చెబుతాను. బిడ్డ పాలు గానీ నీళ్ళు గానీ తాగలేకపోవడం, తాగింది తాగినట్టే కక్కేయడం, ఫిట్స్ రావడం, పిలిచినా తట్టినా పలకకుండా మత్తుగా పడి ఉండడం. ఈ నాలుగింటిలో ఒక్కటి ఉన్నా జబ్బు పేరేమిటని ఆలోచించక్కరలేదు, బయలుదేరడమే. వీటికి డొక్కలెగరేయడం, ఊపిరి వదిలేటప్పుడు మూలిగినట్టు శబ్దం, పెదాలు నీలంగా మారడం కూడా కలుపుకోండి. 108కి ఫోను చేయండి, డబ్బులు అడగరు. దారిలో తాగగలిగితే రొమ్ము ఇస్తూ రండి. ప్రార్థన చేయవద్దని నేను ఎందుకంటాను, నేనూ చేస్తాను. అంబులెన్సులో కూర్చుని చేయండి.

రెండు నెలల లోపు పిల్లల సంగతి వేరు. పెద్ద పిల్లలకైతే జ్వరమో దగ్గో పైకి కనపడుతుంది. పసిగుడ్డుకు ఒళ్ళంతా విషం పాకినా ఒక్కోసారి జ్వరమే రాదు, పైగా ఒళ్ళు చల్లబడిపోతుంది. పాలు తాగడం తగ్గించాడు, కదిపితే తప్ప కదలడం లేదు, ఒళ్ళు చల్లగా ఉంది అంటే అది మంచి నిద్ర కాదు. చంకలో థర్మామీటరు పెట్టి చూస్తే 99.5 డిగ్రీలు, అంతకు పైన ఉన్నా, 95.9 కంటే తక్కువున్నా ఆసుపత్రికి తేవాలి. థర్మామీటరు లేకపోతే పాదాలూ పొట్టా ముట్టుకు చూడండి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి పట్టిందని. రెండూ చల్లగా ఉంటే ప్రమాదం. అప్పుడు తల్లి రవికె లోపల రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా బిడ్డను పెట్టుకుని, తలకు టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పుకుని బయలుదేరాలి. పుట్టినబిడ్డ నోట్లో తేనె నాకించే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఇంకా ఉంది. ఏడాది నిండేదాకా తేనె వద్దు. డొక్కలెగరేస్తున్నాడని పొట్టమీద వాతలు పెట్టి తెచ్చిన పిల్లల్ని కూడా చూశాను. ఆ బిడ్డకు మేము నెమ్ముతో పాటు కాలిన పుండుకూ వైద్యం చేయాల్సి వస్తుంది.

విరేచనాల గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఏమనుకోకండి. విరేచనాలతో పిల్లలు పోయేది ఎక్కువగా ఒంట్లో నీరూ ఉప్పూ పోవడం వల్ల. మేము పొట్ట మీద, బొడ్డుకూ పక్కకూ మధ్యలో, చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదులుతాం. మంచిగా ఉంటే వెంటనే సర్దుకుంటుంది. రెండు సెకన్లు దాటినా మడత అలాగే ఉంటే నీరు బాగా పోయిందన్నమాట. కళ్ళు లోతుకు పోవడం, చిరాగ్గా ఏడవడం, గ్లాసు చూపిస్తే ఆత్రంగా లాక్కుని తాగడం కూడా నీరు తగ్గిన గుర్తులే. చిరాకు పోయి మత్తు వచ్చి, తాగడం కూడా మానేశాడంటే చెయ్యి దాటిపోతోంది, వెంటనే తీసుకురావాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చినప్పుడు బెంగాల్లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. సెలైను బాటిళ్ళు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు గ్లూకోజు, ఉప్పు, సోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. మరణాలు బాగా తగ్గిపోయాయి. ఆ పని చేసింది మీలాంటి బంధువులే అని గుర్తుపెట్టుకోండి. ఆ నీళ్ళే మన ఓ.ఆర్.ఎస్.

పెద్ద ప్యాకెట్టును పూర్తిగా ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం పొడి సగం గ్లాసు అని చేతి లెక్కలు వద్దు. ఉప్పు ఎక్కువైతే అదీ ప్రమాదమే. కాచి చల్లార్చిన నీళ్ళయితే మంచిది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండు నెలల లోపు బిడ్డకు ఐదు చెంచాలు, రెండేళ్ళ లోపు పిల్లలకు పావు గ్లాసు నుంచి అర గ్లాసు, ఆపై వాళ్ళకు అర గ్లాసు నుంచి గ్లాసు ఇవ్వండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఈసారి చెంచా చెంచాగా పట్టండి. దానితో పాటు జింకు బిళ్ళ 14 రోజులు. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల లోపు అయితే అందులో సగం. మూడో రోజుకు విరేచనాలు తగ్గాయని బిళ్ళ మానేస్తారు చాలామంది. మానకండి. రొమ్ముపాలు ఆపకండి, గంజి, పెరుగన్నం ఆపకండి. పొట్టకు విశ్రాంతి ఇస్తున్నామని పస్తు పెడితే నీరసం వస్తుంది తప్ప విరేచనాలు ఆగవు.

ఓ.ఆర్.ఎస్. అని పెద్దక్షరాలు వేసి తియ్యటి పండ్ల రసాలు అట్టపెట్టెల్లో అమ్మేవారు. అందులో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ళతరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అన్న మాట వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉందో లేదో చదివించుకోండి.

జ్వరం మందు గురించి ఒక్క జాగ్రత్త. పారాసెటమాల్‌లో చుక్కల మందు వేరు, సిరప్ వేరు. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్ అనుకుని దాన్ని చెంచాతో పోస్తే ఐదు వందలు లోపలికి పోతుంది, పసివాడి కాలేయం తట్టుకోలేదు. బరువు చూసి డాక్టరు రాసినంతే, సీసాతో వచ్చిన కొలతతోనే పోయండి. దుప్పట్లు కప్పకండి, పల్చటి బట్టలు చాలు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు ఏమీ వద్దు. నీళ్ళు పోయకండి.

దగ్గు మందు మీ అంతట మీరు కొనకండి. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలో విషం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దనీ, ఐదేళ్ళ లోపు వాళ్ళకు కూడా మామూలుగా అక్కరలేదనీ కేంద్ర ఆరోగ్యశాఖ ఆ సమయంలోనే చెప్పింది. ముక్కు మూసుకుపోతే ఉప్పునీటి చుక్కలు రెండేసి వేసి, మెత్తటి గుడ్డ వత్తితో తుడవండి. ముక్కు తెరిపి అయితే పాలు తాగుతాడు.

వార్డులో మీరు చేయాల్సిన పని కూడా ఉంది. ఆక్సిజన్ గొట్టం బిడ్డ విసుగుకు ఏడుస్తున్నాడని తీయకండి. వేలికి పెట్టే క్లిప్పు 2020 కరోనా నుంచి మీకందరికీ తెలిసిందే. అంకె తగ్గగానే కంగారుపడకండి, చెయ్యి చల్లగా ఉన్నా, కదిపినా తప్పు చూపిస్తుంది. కానీ అంకె బాగుందని బిడ్డను చూడడం మానకండి. సెలైను ఎక్కే చెయ్యి ఉబ్బితే, నొక్కితే ఏడిస్తే పిలవండి. ఒంటేలు పోసిన ప్రతిసారీ మంచం దగ్గర కట్టిన కాగితం మీద ఒక గీత గీయండి. చదువు రానివాళ్ళు కూడా గీయగలరు కదా. నిన్న ఆరో నంబరు మంచం దగ్గర తాతగారు గీసిన గీతలు చూసే, సాయంత్రం నుంచి బిడ్డకు ఒంటేలు రాలేదని రాత్రి డ్యూటీ సిస్టరు పట్టుకుంది.

జబ్బు తగ్గాక రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టండి, తగ్గిన బరువు తిరిగి వస్తుంది. డిశ్చార్జి చీటీ మీద మళ్ళీ రావలసిన తేదీ రాస్తాం. పైన చెప్పిన గుర్తులు కనపడితే ఆ తేదీ దాకా ఆగనక్కరలేదు, చీటీ లేకపోయినా చూస్తాం.

రేపు మధ్యాహ్నం రెండు గంటలకు ఇక్కడే ఓ.ఆర్.ఎస్. కలిపి చూపిస్తాను, ఊపిరి లెక్క మీ చేతనే పెట్టిస్తాను. లీటరు సీసా ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. బిడ్డ దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి రండి.