కోరంగి రేవున కొయ్యయోడలు



ఆంధ్రుల నౌకాచరిత్రమును ప్రసంగించువారు యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణెములపై నున్న రెండు స్తంభముల యోడతో నారంభించి, గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లియందు వేయించిన అభయశాసనము మీదుగా నడచివచ్చి, అచ్చట నొక నిట్టూర్పు విడిచి ముగించుట పరిపాటి. ఆ నాణెమును ఆ శాసనమును మనకు గర్వకారణములే. కాని యోడ యుండెనని చెప్పిన నాణెము, దానిని ఏ కలపతో గట్టిరో, అడుగు బల్లపరుపుగా నుండెనో కోసుగా నుండెనో చెప్పదు. వర్తకుని సరకునకు అభయమిచ్చిన శాసనము ఆ సరకును మోసిన పడవకు పలక చెక్కిన వడ్రంగిని తలచినది కాదు. కావున నేడు రాజులను కొంత దూరమున నుంచి, గౌతమీముఖమునందలి కోరంగి, దాని పొరుగున నున్న తాళ్ళరేవు, ఈ రెండూళ్ళ వడ్రంగుల పనిని గూర్చి విన్నవింపదలచితిని.

కోరంగి కంటె ముందు గోదావరిపై నౌకానిర్మాణమునకు పేరుగన్నది నరసాపురము. 1669 మొదలు 1679 వరకు బంగాళాఖాత తీరములను చూచి వ్రాసిన థామస్ బౌరీ యను ఆంగ్లనావికుడు, అచ్చట ఇంగ్లీషు వర్తకులును ఇతరులును ఏటేట ఓడలు కట్టించుకొనుచుండిరనియు, కలప సమృద్ధిగా దొరకుననియు, ఈ తీరమున కెల్ల మేలైన యినుము అచ్చటిదే యనియు, మేకులు మొదలు లంగరుల వరకు స్థానికులే నేర్పుతో చేయుదురనియు తెలిపియున్నాడు. ఓడను నీటిలోనికి దింపుటలో వీరు చూపు నిదానము తాను చూచిన ఏ దేశపు రేవునకును తీసిపోదని కూడ నాతడు మెచ్చుకొనెను. ఈ మెప్పు కవి చెప్పినది కాదు, సముద్రముపై బ్రతికినవాడు చెప్పినది. అందుచేతనే దానికి విలువ.

ఇక కోరంగి. ఎగువ అడవులలో నరికిన దుంగలను తెప్పలుగా గట్టి నీటివాలున వదలినచో గోదావరియే వానిని రేవునకు చేర్చును. సముద్రము వైపున ఇసుకతిన్నె యొకటి, నేడు హోప్ ద్వీపమని పిలువబడునది, అలల ఉరవడిని ఆపి లోపలి నీటిని చెరువువలె నిశ్చలముగా నుంచును. కొయ్యపని చేయువానికి ఇంతకంటె కావలసినదేమి? 1802లో రోబక్ అను ఆంగ్లేయుడు ఇచ్చట ఓడల మరమ్మతునకు పెద్దగుంట నొకదానిని కట్టించెను. కలకత్తాకును ట్రింకోమలీకిని నడుమ పెద్ద యోడలకు అట్టి వసతి మరెచ్చటను లేకుండెను. అట్టి కట్టడములకు పూర్వము బురదనేలయే మన నౌకాశాల. తీరమున బురద త్రవ్వి, అమావాస్యకో పున్నమకో వచ్చు పెద్దపోటున ఓడను లోనికి తెచ్చి, వెనుక మట్టికట్ట వేసి, నీరు తోడివేసిన పిమ్మట పని సాగింతురు. పని ముగిసిన తరువాత కట్ట తెగగొట్టి మరొక పోటునకు ఓడను సాగనంపుదురు.

ట్రింకోమలీ నౌకాశాలలో మేస్త్రిగా నుండిన జాన్ ఎడై 1834లో కోరమండల తీరపు దోనీ యను నావను వర్ణించుచు, అది సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు గలదనియు, దాని యడుగు చదునుగా నుండి, నడుమ 7 అడుగుల వెడల్పు గలిగి, ముందు వెనుకలకు పోను పోను 10 అంగుళములకు తగ్గుననియు కొలతలతో సహా వ్రాసెను. కొలతలు వ్రాసినందుకు ఆ దొరకు మనము ఋణపడియున్నాము; కాని యట్టి నౌకలను మోటువని చులకన చేసిన ఆతని తీర్పును మాత్రము నేను శిరసావహింపజాలను. గోదావరి తెచ్చు ఒండ్రుచే నానాటికి మెరకలువారు ముఖద్వారమున కోసుగా నుండు అడుగుగల యోడ పాటు తీయగానే ప్రక్కకు ఒరగును; చదునైన యడుగుగల దోనీయో, నీరు తగ్గినప్పుడు బురదపై కుదురుగా కూర్చుండి, మరల పోటు రాగానే తేలి తన దారిని తాను పోవును. ఆ యాకారమున మోటుదనము గాక, తన నదిని ఎరిగినవాని వివేకము కనబడుచున్నది. అలలు విరుగు బయలుతీరములందు కొబ్బరిపీచు త్రాళ్ళతో పలకలను కుట్టి, లోపల ఎముకలే లేకుండ చేసిన మసూలా పడవ, దెబ్బ తగిలిన చోట వంగి నిలిచినట్లే, బురదతీరమున దోనీ నిలిచినది.

భోజరాజునకు ఆరోపింపబడు యుక్తికల్పతరువు, సముద్రమున అయస్కాంతశిలలు లాగివేయునన్న భయముచే, ఓడ యడుగుపలకలకు ఇనుము వాడరాదని నిషేధించినది. గోదావరి మేస్త్రులు ఆ వాక్యమును వినలేదు కాబోలు, వారి పనియంతయు ఇనుపమేకులమీదనే నడచినది. మేకు కొట్టువాని పని చూడదగినది. బరమాతో మేకుకంటె సన్నని రంధ్రము తొలిచి, మేకుతలక్రింద నూనెలో తడిపిన దూదిపోచ చుట్టి, తల పలకలోనికి దిగువరకు కొట్టి, ఆ గుంటను గుగ్గిలపు ముద్దతో మూయును. పలకల సందులలో దూదిపేనికలను మొద్దుటులితో కూరుచు పోవునపుడు కొయ్యసుత్తి చప్పుడు మారినచో, చేయి ఆపి, కూరినదానిని లాగివేసి మరల కూరును. ప్రక్కటెముకలకు తిన్నని దూలములను వంచరు. వలయు వంపుతోనే పెరిగిన తుమ్మకొమ్మలను వెదకి తెచ్చుకొందురు. నీటిలో మునుగు భాగమునకు కొయ్యపురుగు పట్టకుండ సొరచేపనూనె పట్టింతురు. కాగితముపై పటము లేదు. మేస్త్రి కన్నే పటము.

ఇంతటి రేవు పాడగుటకు ఉప్పెనలే కారణమని లోకము చెప్పుకొనుచున్నది. 1789 డిసెంబరున మూడు మహాతరంగములు ఒకదాని వెంట నొకటి వచ్చి ఊరిని ముంచినమాట నిజము. 1839 నవంబరున మరల నట్టి ప్రళయము సంభవించిన మాటయు నిజమే. రెండవ దానియందు మూడులక్షల జనులును 20,000 నావలును నశించినట్లు అచ్చుపడిన లెక్కను మాత్రము నేను నమ్మజాలను; అన్ని నావలు ఆ చిన్న అఖాతమున నిలుచుటకే చోటు చాలదు. అదియు గాక, 1789లో మునిగిన యూరనే గదా 1802లో అంత వ్యయముతో ఓడలగుంట కట్టించినది! ఉప్పెన ఒక్కదినమున చేసిన చేటును జనులు తిరిగి పూడ్చుకొనిరి. గోదావరి నిత్యము తెచ్చి వేసిన ఒండ్రును తోడివేయువా రెవరు? అఖాతము మెరకవేసి పెద్ద యోడలు రానేరక, వ్యాపారము కాకినాడకు తరలినది. కలప మోసి తెచ్చి రేవును బ్రతికించిన నదియే మన్ను మోసి తెచ్చి దానిని మూసినది.

అయినను వడ్రంగి పని అంతటితో ఆగలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసి కాలువలు సాగగానే ధాన్యము మోయు కాలువపడవలు కావలసివచ్చినవి. పొగయోడలు బర్మాలోని రంగూనునకు పోవు ప్రయాణికులను తెరచాపనావల నుండి లాగికొన్నను, 1900లో గోదావరిపై రైలువంతెన పూర్తియై సరకులు పట్టాల కెక్కినను, కాకినాడలో పొగయోడ ఒడ్డునకు రాలేక మైళ్ళ దూరమున లంగరు వేయవలసినదే. దానికి సరకు చేర్చుటకు తక్కువ నీట నడచు కొయ్యపడవ కావలసినదే. ఎడైదొర చులకన చేసిన ఆ చదును అడుగే పొగయోడకు సైతము ఆధారమైనది!

ఇంజను వచ్చిన పిదప చేపలపడవల ఆకారము మారినది. వెనుకభాగమున పంకాకు చోటు విడుచుటకు మేస్త్రులు పాతకొలతలను సవరించుకొనిరి. తాళ్ళరేవు ప్రాంతమున నేటికిని బాడిత పట్టువారు కలరు. ఇటీవల ఫైబరు పడవలు వచ్చినవి. అవి అచ్చులో పోసి తీయునవి గాన వానికి తుమ్మకొమ్మ వంపును చూడగల కన్నుతో నిమిత్తము లేదు, అందుచే ఆ మేస్త్రులలో పెక్కురకు కొత్తపడవ కట్టు పనికంటె పాతపడవల సందులలో దూది కూరు పనియే ఎక్కువగా దొరకుచున్నది.