మలేషియా తోటల్లో మా తెలుగు పాఠం

(జుబైల్‌లో జరిగిన తెలుగు కుటుంబాల సాంస్కృతికోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠం)



మొదట ఒక మనవి. మేము మారిషస్ ద్వీపంలో పుట్టినవారం. మా తాత పసివాడుగా ఉండగా తల్లి చెయ్యి పట్టుకొని అక్కడ ఓడ దిగాడు. ఆయన తర్వాత మాది మూడవ తరం. మా ఇంట్లో మాట్లాడుకొన్నది క్రియోల్. బడిలో చదివినది ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు మాకు సాయంకాలపు బడిలో వచ్చింది. పగలంతా చెరకు తోటలో పనిచేసి వచ్చిన పెద్దలు అలసట మరిచి మా చేత ‘అ ఆ’లు దిద్దించారు. పెరిగి పెద్దయ్యాక మేమూ ఆ బడిపంతులు పనిలోనే జీవితం గడిపాము. కాబట్టి మా మాట పుస్తకం చదివినట్లు వినిపిస్తే మన్నించండి. ఆ పుస్తకపు తెలుగు వల్ల ఒకనాడు మాకు జరిగిన పరాభవం, దాని వల్ల కలిగిన మేలు చెప్పుకోవడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాము.

అది 1982వ సంవత్సరం. మేము నలుగురం మారిషస్ విద్యార్థులం విశాఖపట్టణంలో చదువుకుంటున్నాము. వచ్చి ఎనిమిది నెలలయినా హాస్టల్లో ఇంగ్లీషుతోనే కాలక్షేపం చేసేవాళ్ళం. వేసవి సెలవులకు మారిషస్ వెళ్ళిరావడానికి డబ్బు లేదు. అంతకు ముందు ఏడాదే, అంటే 1981లో, రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరిగాయి. ఆ ముచ్చట్లు విని, మనలాగే దేశం దాటిన తెలుగువారు అక్కడ ఎలా ఉన్నారో చూసి రావాలని మాకు కోరిక పుట్టింది. మా గురువుగారు సంతోషించి, “ఊరికే తిరిగి రాకండి. విన్న ప్రతి మాటా రాసుకొని రండి” అని నలుగురికీ నాలుగు నోటు పుస్తకాలిచ్చారు. ఆ విధంగా అది చదువు ప్రయాణమైంది.

మద్రాసు రేవులో ఎం.వి. చిదంబరం అనే ఓడ ఎక్కాము. ఆ రోజుల్లో మద్రాసు నుండి పినాంగు మీదుగా సింగపూరు పోయే ప్రయాణికుల ఓడ అది. చవక తరగతిలో మా చోటు. పెళ్ళికి పోయేవారు, పెళ్ళి చేసుకొని తిరిగి పోయేవారు, చీరల మూటలు, ఊరగాయ జాడీలు, ఏడ్చే పిల్లలు - ఒక చిన్న ఊరే కదిలి వస్తున్నట్లుండేది. మొదటి రెండు రోజులూ మాకు సముద్రపు వాంతులు. మూడవ నాడు తల ఎత్తి చూస్తే నలుదిక్కులా నీరే. మా తాతలు ఇంతకంటె ఎన్నో రెట్లు ఇరుకైన ఓడల్లో ఇంతకంటె ఎక్కువ రోజులు వెళ్ళారు కదా అన్న సంగతి అప్పుడు మనసుకు తగిలింది. గోదావరి ముఖంలోని కోరంగి రేవు పేరు మీదనే మారిషస్‌లోనూ, బర్మాలోనూ మనవారిని కోరంగీలన్నారు. 1839 తుపానులో ఆ రేవు నాశనమయింది గాని పేరు సముద్రాలు దాటి బతికింది.

పినాంగులో దిగి, ఫెర్రీ మీద బటర్‌వర్త్ చేరాము. ఇప్పుడున్న వంతెన అప్పటికింకా పూర్తి కాలేదు. అది 1985లో తెరిచారు. జార్జిటౌను వీధులు, చీనావారి గుడులు, తేనీటిని ఒక లోటాలో నుండి మరొక లోటాలోకి బారెడు ఎత్తున పోసే ‘టే తారిక్’ దుకాణాలు - అన్నీ కళ్ళు విప్పార్చుకొని చూశాము. దక్షిణంగా బస్సు ప్రయాణం. ఇరువైపులా రబ్బరు తోటలు. ప్రతి చెట్టుకూ ఏటవాలుగా గీసిన గాటు, దాని కింద ఒక చిన్న చిప్ప. ఎండ ముదిరితే పాలు కారడం తగ్గుతుంది కనుక తెల్లవారక ముందే గీత గీయాలట. ఆ ఏడే తెలుక్ ఆన్సన్ పేరు మార్చి తెలుక్ ఇంతాన్ చేశారు. అక్కడ 1885లో కట్టిన ఒరిగిన గడియార స్తంభం చూసి, పెరాక్ నది ఒడ్డునే సముద్రం వైపు పోయి బాగన్ డాటో చేరాము.

అది కొబ్బరి తోటల సీమ. ఎటు చూసినా కొబ్బరే. ఒక్క క్షణం కోనసీమకు వచ్చామా అనిపించింది. మేస్త్రీలు ఊళ్ళకు పోయి, మాటలు చెప్పి, బయానా ఇచ్చి తీసుకొచ్చిన మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల వారు ఈ తోటలను పెంచారు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపివేసింది. ఉన్నవారు ఉన్నచోటనే మిగిలారు. 1955లో వారు మలయా ఆంధ్ర సంఘం స్థాపించుకొన్నారు. తోటల్లో ఒకప్పుడు తెలుగు బడులుండేవి. పిల్లలు తగ్గి, పంతుళ్ళు దొరకక ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఒక తోటలోని లైను ఇళ్ళ దగ్గర డెబ్బయి దాటిన ఒక మామ్మగారు అరుగు మీద కూర్చొని కొబ్బరి ఈనెలు తీస్తున్నది. మమ్మల్ని చూసి, “ఎవలి పిల్లలు మీరు? ఏ ఊరు బాబూ?” అని అడిగింది. మేము చేతులు జోడించి, “మేము మారిషస్ ద్వీపము నుండి వచ్చితిమి” అన్నాము. చుట్టూ ఉన్న పిల్లలు పకపకా నవ్వారు. మామ్మగారు మాత్రం నవ్వలేదు. “సదువుకున్న పిల్లలు. కూకోండి” అని లోపలికి పోయి గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది.

భోజనమయ్యాక ఒక రేకు పెట్టె తెచ్చింది. అందులో ఒక ఉత్తరం. 1973లో శ్రీకాకుళం దాటిన ఒక పల్లెటూరి నుండి వచ్చినది. ఆమెకు చదువు రాదు. ఉత్తరాలు చదివి పెట్టే పంతులుగారు అంతకు ముందే తోట విడిచి వెళ్ళిపోయారు. మనుమలకు మలాయి వచ్చు, ఇంగ్లీషు వచ్చు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం తెలియదు. ఒకరిద్దరిని అడిగి చూసిందట. తర్వాత ఊరుకొన్నది. తొమ్మిదేళ్ళుగా ఆ ఉత్తరం పెట్టెలోనే ఉన్నది.

మాకు గర్వం కలిగింది. ఇన్నాళ్ళకు మా సాయంకాలపు బడి చదువు పనికి వచ్చింది కదా అని, తరగతిలో పాఠం అప్పగించినట్లు గొంతెత్తి చదివాము. “అమ్మ పోయిన కార్తీకమాసంలో కాలము చేసినది” అన్న వాక్యం వచ్చింది. అదీ అలాగే ఒత్తి పలికి, తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయాము. ‘కాలము’ అంటే తెలుసు. ‘చేసినది’ అంటే తెలుసు. రెండూ కలిస్తే చనిపోయినదని అర్థమని మా పుస్తకంలో లేదు. పంట వివరాలు, దూడ ఈనిన సంగతి హుషారుగా చదివి తల ఎత్తితే మామ్మగారు గోడకు ఆనుకొని ఉన్నది. చేతిలోని ఈనెలు కింద పడి ఉన్నాయి.

“మళ్ళీ సదువు నాయనా, ఆ ముక్క” అన్నది. మళ్ళీ చదివాము. అప్పటికీ మాకు తెలియలేదు. పక్కింటి ఆమె మా చెవిలో చెప్పింది. ఆ క్షణాన మాకు భూమిలోకి కుంగిపోయినట్లయింది. మామ్మగారు కొంతసేపటికి, “తొమ్మిదేళ్ళ బట్టి లేని అమ్మ బాగుండాలని మొక్కుకుంటన్నాను” అన్నది. అంతే. మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి మేము నలుగురం నిద్ర పోలేదు. ఆమెకు మాట ఉన్నది, అక్షరం లేదు. మాకు అక్షరం ఉన్నది, మాట లేదు. ఒకే భాష రెండు ముక్కలై, ఒక ముక్క మలయా తోటలోను, ఇంకొక ముక్క మారిషస్ బడిలోను పడి ఉన్నదని ఆనాడు తెలిసింది. మా దేశంలో అమ్మోరు పండుగ చేస్తాము, సింహాద్రి అప్పన్నను కొలుస్తాము, రామభజన చేస్తాము. పాడే పాటకు అర్థమేమిటని పిల్లవాడు అడిగితే మాత్రం తడుముకొంటాము.

మర్నాడు మామ్మగారు తమ్ముడికి జవాబు రాయమన్నది. మేము “మహారాజశ్రీ గౌరవనీయులైన” అని మొదలుపెట్టి చదివి వినిపించాము. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, “అలా కాదు. నానన్నట్టు రాయండి” అన్నది. సరేనని ఆమె చెప్పినది చెప్పినట్లు, ‘ఏటి’ని ఏటిగాను, ‘ఎవలు’ను ఎవలుగాను రాశాము. మా గురువుగారిచ్చిన నోటు పుస్తకంలోని కాగితాలే చించి రాశాము. వ్యాకరణం చూసుకోకుండా మేము రాసిన మొదటి తెలుగు అదే.

తిరిగి వచ్చాక ఆ ఉత్తరం టపాలో వేయడానికి మనసొప్పలేదు. బస్సెక్కి, ఆ పై రెండు మైళ్ళు నడిచి ఆ పల్లె చేరాము. తమ్ముడు బతికే ఉన్నాడు. ఆయనకూ చదువు రాదు. మొదటి ఉత్తరం ఎవరో పెద్దమనిషి చేత రాయించినది. మేము అరుగు మీద కూర్చొని అక్క ఉత్తరం చదివాము. నాలుగు వాక్యాలు కాకముందే ఆయన కళ్ళు తుడుచుకొని, “ఇది మా అప్ప మాటే” అన్నాడు. మేము ఏ పరీక్షలోనూ అంతకంటె పెద్ద మార్కు పొందలేదు.

మేమెక్కిన చిదంబరం ఓడ 1985 ఫిబ్రవరిలో సముద్రం మధ్య అగ్నిప్రమాదానికి గురి అయింది. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. దానితో ఆ ప్రయాణికుల ఓడదారి ముగిసింది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మా మారిషస్‌లోనే జరిగాయి. ఆనాటి జనంలో నిలబడి మేము ఆ మామ్మగారినే తలచుకొన్నాము.

ఇక మీ ఊరి సంగతి. మా అబ్బాయి ఇక్కడ కర్మాగారంలో పని చేస్తున్నందున ఈ ఊరు చూసే భాగ్యం కలిగింది. చేపలు, ముత్యాలతో బతికిన ఈ రేవు 1975లో రాయల్ కమిషన్ ఏర్పడిన తర్వాత మహా పారిశ్రామిక నగరమయింది. ఉప్పునీటిని మంచినీరు చేసి గొట్టాలలో రియాద్ దాకా పంపుతున్నారు. ఇంత కష్టమైన పని చేయగలిగిన చేతులకు ఇంట్లో ఒక గంట తెలుగు కష్టమా?

మీరు మా తాతల వలె తిరిగి పోలేని వారు కారు. ఫోనులో అమ్మ ముఖం ప్రతి రోజూ కనబడుతుంది. అందుకే ప్రమాదం కనబడదు. మా తాత కూడా తన మనుమలకు తెలుగు రాకపోవచ్చునని కలలో కూడా అనుకొని ఉండడు. శుక్రవారం ఒక గంట కేటాయించండి. పిల్లల చేత నాయనమ్మకు, అమ్మమ్మకు చేతిరాతతో ఒక ఉత్తరం రాయించండి. తప్పులు దిద్దకండి. వారి జవాబు పిల్లల చేతనే పైకి చదివించండి. తెలియని మాట వస్తే అక్కడ ఆగి అర్థం అడగమనండి. మేము ఆగకుండా చదివి ఒక తల్లి మనసు నొప్పించాము. ఆ తప్పు మీ పిల్లలు చేయకూడదనే మా కోరిక.