సొంతమాటల్లో చెప్పు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదో తరగతి దాకా నేను ఈ బడిలోనే చదివాను. ఇంటర్‌లో బైపీసీ, ఆ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాను. కొన్నేళ్లు ఆసుపత్రి ల్యాబుల్లో పనిచేసి, ఇప్పుడు ఒక పారామెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సంఘం వాళ్లు "నీ వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నారు. అందుకు ముందు నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తాపీ పనిచేసే ఒకాయన వచ్చారు. మూడు వారాలుగా దగ్గు. డాక్టరుగారు టీబీ పరీక్షకు రాశారు. బయట పెద్ద వరుస ఉంది. నేను చేతికి డబ్బా ఇచ్చి "ఇందులో ఉమ్మి తెండి" అన్నాను. తెచ్చారు. పరీక్షలో క్రిములు కనిపించలేదు. నెగెటివ్ అని రాశాను. రెండు నెలల తర్వాత ఆయన చిక్కిపోయి, దగ్గితే రక్తం పడుతున్న స్థితిలో మళ్లీ వచ్చారు. ఈసారి మా సీనియర్ ఆయన్ను పక్కన కూర్చోబెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని లోపలి నుంచి దగ్గి కళ్లె ఎలా తీయాలో చేసి చూపించారు. పరీక్షలో టీబీ తేలింది. ఆయన నా వైపు చూసి, "మీరు ఉమ్మి అడిగారు, ఉమ్మే ఇచ్చాను గదమ్మా" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

తర్వాత ఇంట్లో వాళ్లందరికీ పరీక్షలు చేస్తే చిన్నకూతురికీ జబ్బు ఉంది. ఆ రెండు నెలల్లోనే అంటిందని ఎవరూ చెప్పలేరు. అంటలేదని నేనూ చెప్పుకోలేను. ఇద్దరూ మందులు పూర్తిగా వాడి కోలుకున్నారు. అదొక్కటే నాకు ఊరట.

టీబీ క్రిములు ఊపిరితిత్తుల్లోంచి వచ్చే కళ్లెలో ఉంటాయి. నోట్లో ఊరే ఉమ్మిలో వాటిని వెతికితే దొరక్కపోవచ్చు. ఇది నాకు తెలియదా? తెలుసు. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఎదుటి మనిషికి అర్థమయ్యేలా చెప్పలేదు. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో చేసిన ఒక అధ్యయనం 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కళ్లె ఎలా తీయాలో విడమరిచి చెప్పి పంపినప్పుడు, ముఖ్యంగా ఆడవాళ్లలో జబ్బు ఎక్కువగా బయటపడింది. కొత్త యంత్రం కొనలేదు, కొత్త మందు ఇవ్వలేదు. చెప్పే పద్ధతి మార్చారు, అంతే.

ఆరోగ్యం గురించిన సమాచారాన్ని వెతుక్కుని, అర్థం చేసుకుని, అది నమ్మదగినదో కాదో తేల్చుకుని, దాని ప్రకారం నడుచుకోగలగడాన్ని ఆరోగ్య అక్షరాస్యత అంటారు. ఇది రోగులకు ఉండాల్సింది అనుకుంటాం. మా కాలేజీలో చూశాక ముందు మా విద్యార్థులకే ఉండాలని తెలిసింది. రక్తపోటు 140/90 దాటితే ఎక్కువ అని మా అమ్మాయి ఒకతె టకటకా చెప్పేస్తుంది. ఇంట్లో వాళ్ల నాన్న మాత్రం బీపీ మామూలుకు వచ్చిందని మాత్రలు మానేశారు. ఆ మాత్రల వల్లే మామూలుకు వచ్చిందని ఆయనకు చెప్పాలని ఆ పిల్లకు తట్టలేదు. పుస్తకంలోని బీపీ వేరు, నాన్న బీపీ వేరు అన్నట్టుంది.

మాటలతోనూ చిక్కే. రిపోర్టులో పాజిటివ్ అని ఉంటే 'మంచిదే కదా' అనుకునేవాళ్లు ఉన్నారు. ఫాస్టింగ్‌కు రమ్మంటే మంచినీళ్లు కూడా మానేసి వచ్చేవాళ్లు ఉన్నారు, టీ తాగి వచ్చి "టిఫిన్ తినలేదండీ" అనేవాళ్లూ ఉన్నారు. కళ్లెనే ఒకరు గల్ల అంటారు, ఒకరు తెమడ అంటారు, ఇంకొకరు కఫం అంటారు. మావాళ్లు మాత్రం అందరితోనూ స్పూటం అంటారు.

అందుకని ఇప్పుడు ప్రాక్టికల్స్‌లో ఒక నియమం పెట్టాను. రోగిని "అర్థమైందా?" అని అడగకూడదు. అలా అడిగితే ఎవరైనా "ఆ" అనే అంటారు. "ఇంటికెళ్లాక మీవాళ్లకు ఏమని చెబుతారు?" అని అడగాలి. వాళ్లు తమ మాటల్లో తిరిగి సరిగ్గా చెబితే మనం సరిగ్గా చెప్పినట్టు. లేదంటే తప్పు మనది, మళ్లీ చెప్పాలి. దీన్ని టీచ్ బ్యాక్ అంటారు.

ఈ పద్ధతి గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఈ బడే గుర్తొచ్చింది. పద్యానికి తాత్పర్యం గైడులో ఉన్నది ఉన్నట్టు అప్పజెబితే మా తెలుగు మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "పుస్తకం మూసెయ్. మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు" అనేవారు. నేను తడబడేదాన్ని. "నీకు వచ్చిందనుకున్నావు, రాలేదు. కూర్చో" అనేవారు. అప్పుడు ఏడుపొచ్చేది. ఆ తాపీ మేస్త్రీగారి ముందు నిలబడిన రోజున మాస్టారి మాట గుర్తుండి ఉంటే ఎంత బాగుండేదో!

ల్యాబ్, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ, కంటి పరీక్షలు, ఆహార నియమాలు చెప్పే పని, వీటన్నింటికీ కలిపి 2021లో కేంద్రం ఒక చట్టం చేసింది. మన పిల్లలకు ఇవి మంచి దారులు. వీటిలో ఉన్నవాళ్లతో రోగి కొన్నిసార్లు డాక్టరుతో కంటే ఎక్కువసేపు గడుపుతాడు.

సంఘానికి నాదో విన్నపం. ఏడాదికి రెండుసార్లు నేనూ, ఈ వృత్తుల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులూ బడికి వస్తాం. మాత్రల అట్ట మీద తేదీ చూడటం, చీటీలో రాసింది అడిగి తెలుసుకోవడం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు నేర్పుతాం. వాళ్లు ఇంటికెళ్లి అమ్మానాన్నలకు, తాతమ్మలకు సొంతమాటల్లో చెప్పాలి. అదే హోంవర్కు. హెడ్మాస్టరుగారు రెండు పీరియడ్లు ఇస్తే చాలు.

మాస్టారూ, ఈరోజు పుస్తకం చూడకుండానే చెప్పాను.