బాహ్యమార్గము – మన కర్తవ్యము



ఆంధ్రమహావిష్ణువు వెలసిన యీ శ్రీకాకుళమునఁ గూడిన మనము రహదారినిగూర్చి యొకింత తలంపవలయును. చెన్నపురినుండి కలకత్తాకుఁ బోవు 16వ జాతీయరహదారియు, హైదరాబాదునుండి మచిలీపట్టణమునకు వచ్చు 65వ రహదారియు విజయవాడలోఁ గలియుటచే, ఊరితోఁ బనిలేని లారీలును ఊరఁ జొచ్చుచుండెను. ఆ బాధ దీర్చుటకే చిన్నఅవుటపల్లినుండి గొల్లపూడిమీదుగాఁ గృష్ణను దాఁటి కాజ చేరు పశ్చిమబాహ్యమార్గ ముద్దేశింపఁబడినది. తూర్పునుండి పట్టణము చేరు దివిసీమవారమగు మనకది యంతగా నుపకరింపదు. కావున తూర్పువైపునను బాటను గోరుదము.

అయినను, పటముపైఁ గీఁతగాఁ దోఁచునది రైతునకుఁ దాతలనాఁటి చేను. 2013 నాఁటి భూసేకరణచట్టము పరిహారమునకుఁ దోడు పునరావాసమును గూడ విధించినది. ఆ హక్కులను జదివి వినిపించు విద్యావంతు నొక్కనినైనఁ బ్రతిగ్రామమునకుఁ బంపు భారమును మన సంఘము వహింపఁ బ్రార్థించుచున్నారము.